పై అధికారిని పడగొట్టు విధానం

పోలినాయుడికి ఉద్యోగం వచ్చిన రోజున, ఆ ఉద్యోగమేమిటో అతని తల్లి అప్పయ్యమ్మకి అర్థం కాలేదు.

"ఏటి పని రా నీది?" అని అడిగింది, జూట్ మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ.

"బంతట్టుకుని పరిగెత్తుకొచ్చీవోడిని నడుం కాడ అట్టుకుని కింద పడీయాలమ్మా."

"పడీసేక?"

"మరేటీ నేదు. ఆడు లెగిసి మళ్ళీ పరిగెడతాడు. మళ్ళీ పడీయాల."

"దానికి జీతమిస్తారేటి?"

"గవర్నమెంటు జీతం."

అప్పయ్యమ్మ చెంబు కింద పెట్టింది. "మీ అయ్య సంతలో ఉత్తినే పడీసీవోడు. జీతం మాట దేవుడెరుగు, జైల్లో ఎట్టారు" అంది.

ఆవిడకి అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. ఉద్యోగమిచ్చిన రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థకే అది సరిగా అర్థం కాలేదు. రాజధానిలో ఒక పెద్ద అధికారి, ధాన్యం నిల్వ చేసే పద్ధతులు చూసి రమ్మని ప్రభుత్వం పంపితే, అమెరికా వెళ్ళి అమెరికన్ ఫుట్‌బాల్ చూసి వచ్చాడు. ఒలిచిన కొబ్బరికాయలాంటి బంతి పట్టుకుని ఒక జట్టు ముందుకు పరిగెడుతుంది, రెండో జట్టు వాళ్ళని పట్టుకుని నేల మీద పడేస్తుంది. ఆయన్ని ఆకట్టుకున్నది మాత్రం పరుగూ కాదు, పడేయడమూ కాదు. ఆటగాళ్ళు ప్రతి అడుగుకీ ముందు గుండ్రంగా నిలబడి, తలలు దగ్గర చేర్చి, సమావేశం పెట్టుకుంటున్నారు. "ప్రతి చర్యకూ ముందు ఒక సమావేశం జరిగే ఆట ప్రపంచంలో ఇదొక్కటే. పరిపాలనకు ఇంత సన్నిహితమైన క్రీడ మరొకటి లేదు" అని ఆయన నివేదిక రాశాడు. నెల తిరక్కుండా ప్రభుత్వ సంస్థలన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు పెట్టుకోవాలని ఉత్తర్వులు వచ్చేశాయి.

పోలినాయుడు కబడ్డీలో పెరిగిన మనిషి. విశాఖ బీచిలో ఇసకలో ఈ ఆట ఆడే కుర్రాళ్ళతో కలిసి జాతీయ పోటీల దాకా వెళ్ళొచ్చాడు. డిఫెన్స్‌లో, అంటే అడ్డుకునే పక్షంలో, అతని చేతికి చిక్కినవాడు నిలబడి ఇంటికెళ్ళిన దాఖలా లేదు. క్రీడాకారుల కోటాలో అతన్ని జూనియర్ అసిస్టెంటుగా తీసుకున్నారు. నియామకపు ఉత్తర్వులో ఒక్కటే షరతు. రెండేళ్ళ ప్రొబేషన్ పూర్తయ్యేలోగా, అధికారిక పోటీలో, బంతితో వస్తున్న ప్రత్యర్థిని కనీసం ఒక్కసారి నిబంధనలకు లోబడి నేలకు దించాలి. దించకపోతే ఉద్యోగం పోతుంది.

అది చదివి పోలినాయుడు నవ్వుకున్నాడు. రెండేళ్ళలో ఒక్కడినా? బూటు లేసు కట్టుకుంటూ కూడా పడేయగలడు.

జట్టు కూర్పు బాధ్యత పరిపాలనాధికారి వేదుల కామేశంగారి మీద పడింది. కామేశంగారికి ఆట తెలియదు గాని నిబంధనలు తెలుసు. నిద్రలో లేపి అడిగినా ఏ నియమం ఏ పేజీలో ఉందో చెప్పగలడు, లేపినందుకు సంజాయిషీ కూడా అడగగలడు. ఆయన సీనియారిటీ జాబితా ముందు పెట్టుకుని, ముందుకు పోయే స్థానాలన్నీ అధికారులకూ, అడ్డుకునే స్థానాలన్నీ కింది సిబ్బందికీ కేటాయించాడు. "ముందుకు పోవుట అధికారుల విధి. దానికి అడ్డు తగులుట కింది సిబ్బందికి మొదటి నుంచీ అలవాటైన పని" అని ఫైల్లో రాశాడు. మిగతా సంస్థల్లోనూ అలాంటి కామేశంగార్లే ఉన్నారు గనక అన్ని జట్లూ ఇదే పద్ధతిలో తయారయ్యాయి.

మొదటి మ్యాచి తాటిబెల్లం సంస్థతో. వాళ్ళ డిప్యూటీ జనరల్ మేనేజరు హెల్మెట్ పెట్టుకుని, బంతి చంకలో ఇరికించుకుని, ఉత్సాహంగా పరిగెత్తుకొచ్చాడు. పోలినాయుడు నాలుగంగల్లో వెళ్ళి నడుం దగ్గర పట్టుకుని నేలకేసి కొట్టాడు. అద్భుతమైన పట్టు. బీచిలో అయితే కుర్రాళ్ళు ఈలలు వేసేవారు.

ఇక్కడ ఎవరూ ఈల వెయ్యలేదు. రిఫరీ కూడా వెయ్యలేదు, ఆయన హోదా అసిస్టెంటు సెక్షనాఫీసరే. మైదానం మొత్తం, సంతాప సభలో నిలబడినట్టు నిలబడిపోయింది. డిప్యూటీ జనరల్ మేనేజరు భుజం ఎముక విరిగిన చప్పుడు మాత్రం గ్యాలరీ దాకా వినిపించింది.

మర్నాడు పదిన్నరకి పోలినాయుడికి ఛార్జి మెమో వచ్చింది. "సదరు ఉద్యోగి, తనకంటె హోదాలో మిక్కిలి పైవారైన అధికారిని, బహిరంగ ప్రదేశమున, ముందస్తు అనుమతి లేకుండా, నడుము పట్టుకొని, వారి అభీష్టమునకు విరుద్ధమైన దిశలో పడవేసినందున" అంటూ సాగింది. విచారణాధికారిగా కామేశంగారే కూర్చున్నాడు.

"సదరు అధికారివారిని పట్టుకొనుటకు ముందు వారి హోదా విచారించారా?"

"పరిగెడతన్నారు సార్. అడగడానికి టైము నేదు."

"మీరు కూడా పరిగెడుతూ అడగవచ్చును కదా?"

"నోట్లో గార్డు ఉంటాది సార్. మాట రాదు."

"నోట్లో ఏమి ఉన్నదో వ్రాతపూర్వకంగా ఇవ్వండి. పోనీ, పట్టుకొనే ముందు కనీసం నమస్కారం చేశారా?"

"నమస్కారం ఎడితే రెండు చేతులూ దానికే అయిపోతాయి కద సార్."

కామేశంగారు ఈ సమాధానాన్ని నేరాంగీకారంగా నమోదు చేసుకున్నాడు. పోలినాయుడికి తీవ్రమైన మందలింపు పడింది. అంతకంటే తీవ్రమైనది తీర్పులో చివరి వాక్యం: "నిబంధనలకు విరుద్ధంగా పడగొట్టబడినందున, సదరు అధికారివారు పడనట్లే భావించవలెను." అంటే ఆ పట్టు ప్రొబేషన్ లెక్కలోకి రాదు. పాపం, ఆ డిప్యూటీ జనరల్ మేనేజరు భుజానికి కట్టుతో వైద్య సెలవు పెట్టుకుంటే, ఆయన అధికారికంగా పడలేదు కాబట్టి సెలవు కూడా మంజూరు కాలేదు.

ఆ తర్వాత అన్ని సంస్థలకూ ఒక సర్క్యులర్ వచ్చింది. పేరు "పై అధికారిని పడగొట్టు విధానం". సమాన హోదావారినీ, కిందివారినీ నిరభ్యంతరంగా పడగొట్టవచ్చు. పైవారిని పడగొట్టదలచిన ఉద్యోగి, ఎక్కడ, ఏ వైపుకు పడగొట్టదలచాడో తెలియజేస్తూ, సదరు అధికారి సమ్మతితో, సముచిత మార్గం ద్వారా ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. పోలినాయుడు పట్టుదలగా ఒక దరఖాస్తు పెట్టాడు. ఆ ఏటి పోటీలన్నీ ముగిసిపోయాక జవాబు వచ్చింది. మీరు పడగొట్టదలచిన అధికారి ఈలోగా బదిలీ అయినందున, వారి స్థానంలో వచ్చినవారి పేర తాజాగా దరఖాస్తు చేసుకోండి అని.

సర్క్యులర్‌లోని కిటుకు కనిపెట్టడానికి సంస్థలకి ఎంతోసేపు పట్టలేదు. హోదా ఎంత పెద్దదైతే అడ్డుకునేవాళ్ళు అంత తక్కువ. కాబట్టి అందరూ బంతిని తమ తమ మేనేజింగ్ డైరెక్టర్ల చేతికిచ్చేశారు. అక్కడితో పరుగు అనే మాటే ఆటలోంచి పోయింది. ఎండీగారు ఒక చేత్తో బంతి పట్టుకుని, రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకుని నడుస్తుంటే, ఎదుటి జట్టు డిఫెన్స్ వాళ్ళు రెండు వరసల్లో చేతులు కట్టుకుని నిలబడి దారి ఇచ్చేవాళ్ళు. ఎండ ఎక్కువగా ఉంటే గొడుగు పట్టేవాళ్ళు. ఒకసారి గోనెసంచుల సంస్థ డిఫెన్స్ కెప్టెన్, ప్రత్యర్థి ఎండీగారికి దారిలో కొబ్బరినీళ్ళు కూడా అందించి, తన బదిలీ విషయం విన్నవించుకున్నాడు. బదిలీ అయింది కూడా.

రెండు పక్షాల ఎండీలూ ఎదురెదురు పడితే ఇద్దరిలో సర్వీసు తక్కువున్నవాడు తప్పుకోవాలి. ఆ లెక్కన తాటిబెల్లం సంస్థని ఓడించేవాడు రాష్ట్రంలో లేడు. దాని ఎండీ దంతులూరి విజయగోపాలరాజుగారు అందరికంటే సీనియరు. ఆరడుగుల మనిషి, తెల్ల మీసాలు, మోకాళ్ళ నొప్పి. అటెండరు మోస్తే వాణ్ణి పడగొట్టే ప్రమాదముంది గనక బంతిని ఆయనే స్వయంగా పట్టుకునేవారు. సర్వీసు మొత్తంలో ఆయన స్వయంగా మోసిన వస్తువు అదొక్కటేనని చెప్పుకుంటారు.

పోలినాయుడి కష్టం వేరే. ప్రత్యర్థుల్లో బంతి పట్టుకునే హోదా ఉన్నవాళ్ళెవరూ అతను పట్టుకోగల హోదాలో లేరు. చేతులు ఊరుకోక, గోడౌన్ వెనక గోనెసంచుల్లో ఇసక నింపి, వాటి మీదకి దూకి పడేసేవాడు. సంస్థ ఆస్తిని పరాభవిస్తున్నాడని స్టోర్స్ వాళ్ళు ఒక మెమో ఇచ్చారు. అలా అలా రెండో ఏడు చివరికొచ్చేసింది.

"ఇంకా ఎవుడినీ పడీయనేదేటి రా?" అని అప్పయ్యమ్మ రోజూ అడిగేది. "మిల్లు కాడ అందరితో చెప్పీసినాను, మావోడు ఆఫీసర్లని పడీసే ఉజ్జోగమని."

పోలినాయుడు తల దించుకునేవాడు. ఆ తల్లి ముప్పై ఏళ్ళు మిల్లులో జనపనార దుమ్ము మింగింది. ఇక కొడుకు ఉద్యోగం ఖాయమైతే మానేద్దామని చూస్తోంది. రాత్రి ఆవిడ దగ్గు విన్నప్పుడల్లా, మర్నాడు అతను ఇంకో రెండు ఇసక సంచులు ఎక్కువ పడేసేవాడు.

రెండో ఏటి ఫైనల్ మ్యాచి మళ్ళీ తాటిబెల్లం సంస్థతోనే పడింది. నెలాఖరు రోజున. ఆ రోజే రాజుగారి పదవీ విరమణ. కప్పు చేతికిచ్చి సాగనంపుదామని వాళ్ళ సంస్థ ముచ్చటపడి తేదీ అలా పెట్టించింది. పోలినాయుడి ప్రొబేషన్ ముగిసేదీ ఆ రోజే, దాన్ని గురించి మాత్రం ఎవరికీ ముచ్చట లేదు. ముందు రోజు అతను కామేశంగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, రాజుగారు రేపు ఎన్ని గంటలకి దిగిపోతారండి?"

"సాయంత్రం ఐదు గంటలకు వారి సేవాకాలం ముగియును."

"ఐదయ్యాక ఆయనెవరు సార్?"

కామేశంగారు కళ్ళజోడు తీశాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. చాలాసేపు ఫ్యాను వైపు చూసి, "ఐదయ్యాక వారు... ఒక పౌరులు" అన్నాడు.

"పౌరుణ్ణి పడీయొచ్చా సార్?"

"ప్రవర్తనా నియమావళి మొత్తం నాకు కంఠతా వచ్చు. అందులో పౌరుల ప్రస్తావన ఎక్కడా లేదు."

కామేశంగారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "రేపు వారికి మన సంస్థ తరఫున ఒక సన్మాన పత్రం చదివి సమర్పించుట సముచితము. కొంచెం దీర్ఘంగా వ్రాస్తాను" అన్నాడు. ఆయన కలానికి అంతకు ముందెప్పుడూ అంత మంచి ఉద్దేశం లేదు.

మర్నాడు మైదానం కిక్కిరిసింది. వీడ్కోలు ఉపన్యాసాలతో మ్యాచి ఆలస్యమై నాలుగున్నరకి గాని మొదలు కాలేదు. రాజుగారు హెల్మెట్ మీద పూలదండలు వేయించుకుని, బంతి పట్టుకుని నడక మొదలుపెట్టారు. ఆ చివర గీత దాటితే కప్పు వాళ్ళది. దారి పొడుగునా తాటిబెల్లం సిబ్బంది, సెక్షన్ తర్వాత సెక్షన్, దండలతో నిలబడ్డారు. ఆయనకి రెండు చేతుల దూరంలో పోలినాయుడు వినయంగా చేతులు కట్టుకుని పక్కనే నడిచాడు. గ్యాలరీలో మిల్లు ఆడవాళ్ళ మధ్య అప్పయ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

గీత ఇక పది గజాలుందనగా కామేశంగారు శాలువాతో అడ్డం వచ్చాడు. అడ్డుకోవడానికి కాదు, సన్మానానికి. సన్మానానికి ఆగకూడదన్న నిబంధన ఎక్కడా లేదు. రాజుగారు ఆగారు. కామేశంగారు సన్మాన పత్రం విప్పి రాజుగారి పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. విద్యాభ్యాసం, తొలి నియామకం, బదిలీలు, ఒక్కొక్క బదిలీకి ఒక్కొక్క సీసపద్యం. ఎండకి రిఫరీ కూలబడ్డాడు. కామేశంగారి ఎడమ కన్ను కాగితం మీదా కుడి కన్ను గడియారం మీదా ఉన్నాయి.

జూట్ మిల్లులో ఐదు గంటలకి షిఫ్టు మారే సైరన్ మోగింది.

"...ఇంతటితో వారి సేవలు సమాప్తము" అని కామేశంగారు పత్రం మడిచి, పక్కకి తప్పుకున్నాడు.

రాజుగారు ఒక అడుగు వేశారు. రెండో అడుగు వెయ్యలేదు. రెండేళ్ళుగా ఇసక సంచుల మీద దాచుకున్నదంతా కూడదీసుకుని పోలినాయుడు దూకాడు. నడుం దగ్గర పట్టు, భుజంతో తోపు. దండలు, శాలువా, బంతి, మాజీ మేనేజింగ్ డైరెక్టరు, అన్నీ కలిసి పచ్చగడ్డి మీద పడ్డాయి. గ్యాలరీలో ఒక్క గొంతు మాత్రం "అద్గదీ" అంది. అది అప్పయ్యమ్మది.

పోలినాయుడు భయంగా లేచాడు. రాజుగారు వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూస్తున్నారు.

"ఎవరయ్యా నువ్వు?"

"పోలినాయుడండి. గోనెసంచులు."

"ముప్పై ఐదేళ్ళయిందయ్యా, నా మీద ఒక మనిషి చెయ్యి పడి. తలుపులు కూడా నేను తియ్యకుండానే తెరుచుకునేవి. నేనేమన్నా అడ్డం వచ్చినవాడు లేడు. ఎన్ని తప్పుడు సంతకాలు పెట్టానో, ఒక్కడన్నా ఆపితేనా" అన్నారు. కాలు విరిగిందని అప్పటికి ఆయనకి తెలియదు. నవ్వుతున్నారు.

దీపాలు పెట్టే వేళకి రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. రాజుగారి సేవలు రాష్ట్రానికి ఎంతో అవసరం గనక ఏడాది పొడిగించారు. ఆ ఉత్తర్వు సాయంత్రం ఐదు గంటల నుంచే వర్తిస్తుంది.

ఆస్పత్రి వరండాలో కామేశంగారు అది మూడుసార్లు చదివాడు. "నాయుడూ, నువ్వు పడగొట్టినవారు పౌరులు కారు. ఐదు తర్వాత కూడా వారు ఐదుకి ముందున్నట్టే ఉన్నారు" అన్నాడు. సర్వీసులో మొదటిసారి ఒక మంచిపని చేస్తే అది కూడా చెల్లకుండా పోయింది. పోలినాయుడు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కనే అప్పయ్యమ్మ దగ్గుతూ అతని వీపు రాసింది.

లోపల రాజుగారి మంచం మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి పొడిగింపుకి అంగీకారం, రెండోది పోలినాయుడి మీద ఫిర్యాదు. రెండిట్లోనూ సంతకం మాత్రమే తక్కువ. ఆయన పిండికట్టు వేసిన కాలు వైపు చూసుకుని, లోపలికొచ్చిన కామేశంగారి వైపు తిరిగారు.

"కామేశంగారూ, ఈ పొడిగింపు నేను ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోవడమంటే ఏమిటండీ?"

"వద్దంటే."

కామేశంగారు పేజీలన్నీ మనసులోనే తిరగేశాడు. "వద్దనడానికి విధానం లేదండి. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు" అన్నాడు చివరికి.

"వద్దు బాబూ. ఒప్పుకుంటే రేపటి నుంచి తలుపులు మళ్ళీ వాటంతటవే తెరుచుకుంటాయి" అని రాజుగారు రెండు కాగితాలూ తిరిగి ఇచ్చేశారు. "బయట ఎవరో ఏడుస్తున్నారు. వాణ్ణి ఊరుకోమనండి."

అలా రాజుగారు వెనకటి తేదీతో పౌరులయ్యారు, ఆ పట్టు చెల్లింది, పోలినాయుడి ఉద్యోగం ఖాయమైంది. అప్పయ్యమ్మ మిల్లు మానేసింది. కథ ఇక్కడ ఆగితే బాగుండేది గాని, సంస్థ ఆగలేదు. రాష్ట్రం మొత్తం మీద ఒక అధికారిని అధికారికంగా పడగొట్టినవాడు అతనొక్కడే కనక, పోలినాయుణ్ణి గౌరవించాలని ప్రత్యేకాధికారి (డిఫెన్స్) అని ఒక కొత్త పదవి సృష్టించి అందులో కూర్చోబెట్టారు. గది ఇచ్చారు, అటెండర్ని ఇచ్చారు. ఆ హోదాలోనివారు మైదానంలో ఎవరి మీదా పడడం సంస్థ గౌరవానికి భంగమని ఒక నోటు కూడా ఇచ్చారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అతని ముందు కూర్చోవడానికి కూడా భయపడేవాళ్ళు.

ఒక ఆదివారం ఉదయం ఆగలేక పోలినాయుడు మిల్లు మైదానానికి వెళ్ళాడు. కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. బంతి లాక్కుని, "నన్నాపండి రా చూద్దాం" అని పరుగు తీశాడు. ఒక్కడూ కదల్లేదు. రెండు వరసల్లో నిలబడి నమస్కారం పెట్టారు. అతని పరుగు నెమ్మదించింది, నెమ్మదించి నడక అయింది. ఎదురుగా గీత తప్ప ఏమీ లేదు. చూసుకునేసరికి అతని ఎడం చెయ్యి, ఎండీగార్ల చెయ్యిలాగే, దానంతటదే వీపు వెనక్కి వెళ్ళి ఉంది.

అప్పుడు పక్కనుంచి ఏదో వచ్చి నడుం దగ్గర గుద్దుకుంది. బంతి ఎగిరిపోయింది. నోటి నిండా గడ్డి. పైన బరువుగా, ఆయాసపడుతూ, తెల్ల మీసాల మనిషి. కాస్త అవతల చేతికర్ర పడి ఉంది.

"పెన్షనర్లకి ప్రవర్తనా నియమావళి వర్తించదయ్యా" అన్నారు రాజుగారు. "కామేశంగారిని అడిగే వచ్చాను."

పోలినాయుడు గడ్డి ఉమ్మేసి, చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాడు.

"ఇంకేటి, లెగండి సార్" అన్నాడు. "మళ్ళీ పరిగెడతాను."